ఆకు కుట్టిన చేతులు



గడచిన మాసమున ఊఱగాయ జాడీలను గూర్చి వ్రాసిన పిమ్మట, ఈ మాసమున దీపపు కుందులను గూర్చి వ్రాయుదమని తలంచి కొన్ని సంగతులు కూర్చుకొంటిమి. కాని కార్తికమాసము వచ్చి మా తలంపును మార్చివేసినది. నాలుగు దినములపాటు మా యింట విస్తర్లతోడనే తెల్లవాఱి విస్తర్లతోడనే ప్రొద్దు గ్రుంకినది. వ్రేళ్ళలో గ్రుచ్చుకొనిన పుల్లల నొప్పి తీఱకమునుపే ఆ ముచ్చట చెప్పుకొనుట మేలని తోచినది. తీఱిన పిమ్మట వ్రాసినచో మా తప్పును మేమే కొంత తగ్గించి వ్రాసికొందుమేమో!

మా వారు పనిచేయు పాఠశాలలోని యుపాధ్యాయుల కుటుంబములు కలసి కార్తికమున ఒక తోటలో ఉసిరిచెట్టు క్రింద వనభోజనము చేయుట వాడుక. ఒకరింట పులిహోర, ఒకరింట కూరలు, ఒకరింట పాత్రలు, ఇట్లు పనులు పంచుకొందుము. ఈ యేడు మా వంతునకు 60 విస్తర్లు వచ్చినవి. పొయ్యి రాజేయ నక్కఱలేని వంతు గదా యని లోలోపల సంతసించితిమి కూడ. ప్రక్కయూరినుండి ఒక ముసలమ్మ మోదుగాకు విస్తర్ల కట్టలు తలపై పెట్టుకొని ఏటేట మా వీధికి వచ్చుచుండును. ఆమెను పిలిచి ధర యడిగితిమి. కిందటియేడు విస్తరి యొక్కటి 3 రూపాయలు. ఈ యేడు 5 రూపాయలనెను.

"ఇదేమిటి పెద్దమ్మా, ఏటికేడు ఇంత పెంచితే ఎట్లా? చెట్టున ఊరికే దొరికే ఆకే గదా!" అంటిమి.

కట్ట విప్పబోయిన చేయి నిలిపి ఆమె, "చెట్టున దొరికేది ఆకేనమ్మా, విస్తరి కాదు" అనెను. ఆ మాటలో కోపము లేదు. 3 రూపాయల కిమ్మని మేము మఱల అడిగితిమి. "గిట్టదమ్మా" అని చుట్టకుదురు సరిచేసికొని, కట్ట నెత్తికెత్తుకొని వెడలిపోయెను. లెక్క చూచినచో మా యిద్దఱి నడుమ నిలిచిన భేదము 120 రూపాయలు.

మాకును పౌరుషము వచ్చినది. అంగడిలో కాగితపు విస్తర్లు తెచ్చెదనని మా వారనిరి. థర్మోకోలు పళ్ళెములు 2022 జూలై 1వ తేదీనుండి దేశమంతట నిషేధింపబడినను, లోపల మెఱుపుపూత గల కాగితపు విస్తర్లు మాత్రము కట్టలు కట్టలుగా దొరకుచునే యున్నవి. కిందటి సంవత్సరము మఱియొకరు వేసిన అట్టి విస్తర్లు ఆ తోట కంచెకు చిక్కుకొని వానకాలము గడచినను అట్లే యుండుట చూచితిమి. కావున అవి వలదంటిమి. "60 విస్తర్లు కుట్టుట యెంత పని? మేమే కుట్టెదము" అంటిమి. వసారాలో కూర్చుండి వత్తులు చేయుచున్న మా యత్తగారు తల యెత్తకయే, "కుట్టు, చూద్దాం" అనిరి.

మఱునాటి యుదయము మా యమ్మాయిని వెంటబెట్టుకొని చెఱువు గట్టునకు పోయితిమి. మోదుగకు ఒక్కొక్క కాడకు మూడేసి యాకులు. నడిమిది పెద్దది, ప్రక్కవి రెండును కొంచెము ఒంకర. సంస్కృతమున పలాశమనగా ఆకు. ఆ సామాన్య నామమే ఈ చెట్టునకు సొంతపేరైనది. ఆకులలో ఆకనిపించుకొన్న దానిని కోయుట కేమి శ్రమ యనుకొంటిమి గాని, పురుగు తిననిది, చిల్లి లేనిది, మఱీ లేతగాని మఱీ ముదురుగాని కానిది వెదకుచు పోగా పోగా ఎండ నడినెత్తికి వచ్చినది. తెచ్చిన యాకులను త్వరగా ఆఱునని మేడమీద ఎండలో పఱచితిమి. సాయంకాలమునకు అవి అప్పడములవలె ముడుచుకొని, పట్టుకొన్నంతనే పెళపెళ విఱిగినవి. ఒక దినమట్లు వృథాయైనది.

అత్తగారికి జాలి గలిగినది కాబోలు, వచ్చి దగ్గఱ కూర్చుండిరి. ఆకును నీడలో ఆఱబెట్టి, వాడిన పిమ్మట దొంతరగా పేర్చి పైన బరువుంచవలెను. కుట్టుటకు ముందు తడిగుడ్డ కప్పినచో మెత్తబడి, పుల్ల దిగినప్పుడు చీలదు. నడుమ ఒక పెద్ద యాకు నుంచి, దాని యంచుపైకి మఱియొకటి, దానిపైకి ఇంకొకటి, చేపపొలుసులవలె ఒకదాని నొకటి కప్పుచు గుండ్రముగా పోవలెను. పుల్ల యనగా చీపురుపుల్లను నిలువున సన్నగా చీల్చినది. దానిని రెండాకులలోను దూర్చి, పైకి తెచ్చి, మఱల లోనికి దింపి, మిగిలిన కొనను త్రుంచివేయవలెను. చెప్పుటకు ఒక్క వాక్యము. చేయుటలో మా చేతికి విస్తరి యొక్కింటికి 8 ఆకులు, 20 కి తక్కువ గాకుండ పుల్లలు పట్టినవి. పుల్ల లోతుగా దిగినచో ఆకు చీలును, పైపైన దిగినచో ఊడిపోవును. రెండు దినములు కుట్టి 22 విస్తర్లు చేసితిమి. అత్తగారు ఒక్కొక్క దానిలో చెంబెడు నీళ్ళు పోసి చూచిరి. నీరు నిలిచినవి 5.

ఆ రాత్రి వ్రేళ్ళకు కొబ్బరినూనె రాచుకొనుచుండగా, ఈ యేటి శ్రావణములో జరిగిన మఱియొక సంగతి జ్ఞప్తికి వచ్చినది. ఇంతవఱకు దానిని ఎవరికిని చెప్పలేదు.

మా పెఱటిలో వంగమొక్కలు గలవు. ఒకనాడు కాయలు కోయుచుండగా, రెండాకులు ఒకదాని నొకటి కౌగిలించుకొనినట్లు ముడుచుకొని కనబడినవి. పురుగు పట్టినదేమో యని విప్పిచూడబోతిమి. పటుక్కున ఏదో తెగినది. లోపల దూదిపఱుపు, దానిపై లేత నీలపు చాయలో ఇటుకరంగు చుక్కలు గల మూడు చిన్ని గ్రుడ్లు! అది దర్జీపిట్ట గూడు. బొటనవ్రేలంత పిట్ట. వీపు ఆకుపచ్చ, నెత్తి యెఱుపు, తోక నిక్కబొడుచుకొని యుండును. అరపు మాత్రము దేహమునకు మించినది. తెగిన చోటును దారముతో కట్టబోతిమి గాని మా చేయి పడుటయే తప్పైనది. పిట్ట రెండు దినములు కంచెపై తిరిగి తిరిగి అరచి, మఱి రాలేదు.

తెగిన కుట్టును ఆ పిమ్మట సూక్ష్మముగా పరికించితిమి. ఆడపిట్ట తన ముక్కునే సూదిగా చేసికొని ఆకు అంచున బెజ్జము పొడుచును. దూదిపోగునో, సాలెపురుగు పట్టునో, చెట్టునారనో ఆ బెజ్జమున దూర్చి అవతలి యాకునకు చేర్చును. మనవలె ఒకే దారముతో వరుసగా కుట్టుకొనిపోదు. ఒక్కొక్క కుట్టును వేఱుగా వేసి, పోగు కొనను చెదరగొట్టి, అది బెజ్జమునుండి జాఱిపోకుండ నిలుపును. మన విస్తరిపుల్ల చేయు పనియు నిదియే గదా! అన్నిటికంటె విశేషమేమనగా అది కుట్టిన యాకు కాడనుండి ఊడదు. పచ్చగా బ్రతికియే యుండును. అందుచేతనే దగ్గఱనుండి చూచినను గూడని తోపదు. పండ్రెండు దినములు పొదుగుట, మఱి రెండు వారములు పిల్లలను పెంచుట, ఇంచుమించు నెలనాళ్ళ యవసరమునకు ఆ కుట్టంతయు. కిప్లింగను ఆంగ్ల రచయిత 1894లో వెలువడిన తన అడవికథల గ్రంథములో ఈ పిట్టకు దర్జీ యనియే పేరు పెట్టెను. ఆ కథలో మగపిట్ట వట్టి వాగుడుకాయ, భార్య బుద్ధిమంతురాలు. ఈ మాట మా వారికి చదివి వినిపించితిమి. వారు వార్తాపత్రిక తిరుగవేసిరి.

పెఱటిలో ఆకుపని చేయువారు మఱికొందఱును గలరని ఆ మీదట గాని మేము గుర్తింపలేదు. గులాబి యాకుల అంచున చక్రములవలె కోతలు కనబడినచో ఇంతకాలము గొంగళిపురుగును తిట్టెడివారము. అది ఒక జాతి తేనెటీగ చేయు పనియట. కోలగా కోసిన ముక్కలతో తన పిల్లకు గోడలు, గుండ్రముగా కోసిన ముక్కలతో మూత! మామిడిచెట్టుపై నుండు ఎఱ్ఱచీమల మాట యింకను వింత. ఆకులు దూరముగా నున్నప్పుడు అవి ఒకదాని నడుము నొకటి పట్టుకొని గొలుసులై ఆకులను దగ్గఱకు లాగును. అతుకుటకు దారము పెద్దచీమలకు లేదు, పిల్లపురుగులకే గలదు. అందుచేత పిల్లను నోట కఱచుకొని, నేతగాడు నాడెను ఆడించినట్లు ఈ యంచునకు ఆ యంచునకు తాకించుచు పట్టు తీయించును. తనకై పట్టుకాయ నల్లుకొనవలసిన పట్టును ఆ పసిది ఇంటి గోడకే ఇచ్చివేయును గనుక, ఆ జాతి పిల్లకు పట్టుకాయ యుండదు. దిగంబరముగానే పెద్దదగును. దీనిని చదివిననాడు మాకు చాలసేపు మఱియే పనియు తోచలేదు.

ఇక తాటాకును సన్నని పేలికలుగా చీల్చుకొనిపోయి అల్లు గిజిగాని నెఱుగనివారెవ్వరు? గూడు పూర్తియగుటకు మగపిట్ట 500 పర్యాయములవఱకు పోయివచ్చునట. సగము అల్లిన గూటిని ఆడపిట్ట వచ్చి చూచును. నచ్చకున్న వెడలిపోవును. మేము 22 విస్తర్లకే ఇంత చెప్పుకొనుచున్నాము!

విస్తరిపుల్లలు చెదరకుండ వేసికొనుటకు మేము వాడిన చిన్నబుట్టను గూర్చియు చెప్పవలెను. రెండేండ్ల క్రిందట బదరీయాత్రకు పోయినప్పుడు గఢవాలు కొండల దారిలో కొనితెచ్చినది. అది సరళవృక్షపు ఆకులతో చేసినది. చీడ్ అని అచ్చటివా రందురు. ఆకనగా మనమనుకొను వెడల్పాటి యాకు కాదు. జానెడు పొడవున సూదివలె నుండును. మోదుగకువలెనే దీనికిని మూడేసి సూదులొక కట్టగా నుండుట చూచి ఆశ్చర్యపడితిమి. ఎండినవానిని నానబెట్టి, గుప్పెడు సూదులను త్రాడువలె కూర్చి, చుట్టపై చుట్టగా పాము చుట్టుకొనినట్లు త్రిప్పుచు, ఒక్కొక్క చుట్టను క్రింది చుట్టకు దారముతో కుట్టుకొని పోవుదురు. చుట్టలోని సూదులు తఱిగినకొలది క్రొత్తవి చొప్పించుచుండవలెను. సన్నబడిన చోట బుట్ట వంగును, లావైన చోట ఉబ్బును. అరచేయంత మూత గల ఆ బుట్ట నేటికిని మూత తీసినప్పుడెల్ల గుగ్గిలపు వాసన వేయుచున్నది.

అచ్చట ఆ యాకు రాలిన చోట నడచుట కష్టము. కాలు జాఱును. వేసవిలో నిప్పురవ్వ తగిలినచో కొండకు కొండయే అంటుకొనును. మేఘసందేశములో యక్షుడు మేఘమును వేడుకొనుచు, సరళవృక్షముల బోదెలు ఒరసికొని పుట్టిన కార్చిచ్చును ఆర్పుమని చెప్పును గదా, ఆ మంట నేటికిని కొండలను విడువలేదు. పల్లెటూళ్ళ స్త్రీలు ఆ యాకును ఊడ్చి పశువుల క్రింద పఱచుటకు వాడుదురు, బుట్టలు నల్లుదురు. 2024 వేసవిలో అడవులు మండుచుండగా ఉత్తరాఖండ ప్రభుత్వము రాలిన ఆ యాకును ఏఱి తెచ్చినవారికి కిలో 50 రూపాయల చొప్పున నిచ్చునట్లు ప్రకటించినది. కుట్టని, అల్లని, ఉత్త రాలినయాకునకు! "ఊరికే దొరికే ఆకే గదా" అనిన మా మాట ఇచ్చట మాకు బాగుగా గ్రుచ్చుకొన్నది. శీతలదేశపు అడవులలో ఒక జాతి చీమలు ఇట్టి సూదులను ఒక్కొక్కటిగా మోసి మనిషి నడుమెత్తు దిబ్బలు పేర్చుకొని, చలికాలమున వాని క్రింద తలదాచుకొనునట. వానికి ఎవరును ధర కట్టలేదు.

మూడవనాటి సాయంకాలము మా యత్తగారు నిత్యపారాయణములో అరణ్యకాండ చదువుచుండిరి. పంచవటిలో లక్ష్మణుడు పర్ణశాల కట్టిన ఘట్టము. భద్రాచలము చెంతనున్న పర్ణశాలకు యాత్ర పోయివచ్చిన మన తెలుగు స్త్రీలకు ఇది పరిచితమైన కథయే. కొయ్యలు పాతి, కొమ్మలు పఱచి, ఆకులు కప్పి కట్టిన ఆ కుటీరమును చూచి శ్రీరాముడు, ఎంత గొప్పపని చేసితివి, దీనికి నేనీయదగినది ఈ కౌగిలియే యని తమ్ముని అక్కున జేర్చుకొనును. ఎన్ని మాఱులు వినిన ఘట్టమో! ఆకుపనిని గొప్పపని యని రాజకుమారు డొకడు నోరార పలుకుట, దానికి కూలియేమని తనలో తాను వెదకికొనుట, మేము ఆ సాయంకాలమే వింటిమి. రాముని చేత నప్పుడు ధనము లేదు, కౌగిలి యిచ్చెను. మా చేత 300 రూపాయలుండెను.

మఱునాడు తెల్లవాఱకమునుపే పాలవానితో ప్రక్కయూరికి కబురంపితిమి. ఆమె వచ్చుననుకొనలేదు. వచ్చినది. మా వసారాలో పఱచియున్న 22 విస్తర్లను చూచి నవ్వునేమో యని మేము సిగ్గుపడుచుండగా, ఆమె క్రింద కూర్చుండి, ఒకదానిని తీసికొని వెలుతురున కెదురుగా పట్టి చూచెను.

"పుల్ల ఈనెకు అడ్డంగా పెట్టారమ్మా. ఈనె పక్కనే దించితే చీలదు" అని తన కొంగున చెక్కుకొనియున్న పుల్లలు తీసి నాలుగుచోట్ల దించెను. అంతకుముందు నీరు నిలువని యా విస్తరిలో మఱి చుక్క కాఱలేదు.

దినమునకు ఎన్ని కుట్టుదువని అడిగితిమి. "చూపు బాగున్ననాళ్ళు నూరు కుట్టేదాన్ని. ఇప్పుడు నలభై. ఆకు దగ్గర్లో లేదమ్మా, గుట్టలదాకా పోవాలి. కోడలు కోసుకొస్తుంది, నేను కుడతాను" అనెను. 40 విస్తర్లు, 3 రూపాయల చొప్పున 120 రూపాయలు. ఇద్దఱాడువారి దినమెల్ల కూలి. మా బేరములో నిలిచిన మొత్తమును సరిగా అంతయే! ఈ లెక్క ఆమెకు చెప్పలేదు, చెప్పుటకు నోరు రాలేదు. 60 విస్తర్లకు ఆమె యడిగిన 300 రూపాయలు చేతబెట్టితిమి. ఆనాడు అట్లే పంపివేసినందులకు ఏదైన మాట యనునేమో యని చూచితిమి. ఏమియు ననలేదు. మిగిలిన మంచి యాకులు దండుగగా పోవునని చెప్పి, అడిగి, మూట కట్టుకొని పోయినది.

వనభోజనము చక్కగా జరిగినది. ఆమె విస్తర్లలో పప్పుచారు పోసినను ఎవరి కొంగునకును తడి తగులలేదు. మా 22 విస్తర్లు పిల్లల పులిహోరకును, అరటిపండ్లకును సరిపోయినవి. కోనసీమనుండి వచ్చిన ఒక యుపాధ్యాయుని భార్య, మోదుగాకు ముచ్చట విని, తమవైపు పనసాకులు నాలుగు కలిపి ఈనెపుల్లలతో బుట్టగా కుట్టి, అందులో ఇడ్డెనపు పిండి పోసి యుడికించు పొట్టిక్కలను గూర్చి నోరూరునట్లు చెప్పినది. అంబాజీపేటలో అవి పేరుపడినవట. మన్యపువారు అడ్డాకుతో కుట్టిన విస్తరి రెండే యాకులతో ఎంత పెద్దదిగా నగునో మఱియొకామె చెప్పినది. తిన్న విస్తర్లను తోట చివర గుంటలో వేసితిమి. రెండు మేకలు వచ్చి సగము మిగులకుండ తినిపోయినవి.

విస్తర్లు నిలువ చేసికొనువారు వానిని పొగ తగులు చోట కట్టగా కట్టి వ్రేలాడదీయుట మంచిదని మా యత్తగారి మాట. గోడ కానించినచో చెదలు పట్టును. వాడుటకు ముందు ఒక్క జాము తడిగుడ్డలో చుట్టి యుంచవలెను.

మా యమ్మాయి ఆ ముసలమ్మ విస్తరి నొకదానిని తినకుండ దాచి యింటికి తెచ్చినది. మొన్న రాత్రి దీపము దగ్గఱ కూర్చుండి, ఒక్కొక్క పుల్లను మెల్లగా ఊడదీయుచు, ఏది ముందో ఏది వెనుకో వరుసగా నేలపై పేర్చుకొనుచుండెను. మొత్తము 31 పుల్లలు. తిరిగి కుట్టుటలో 19వ పుల్లవఱకు వచ్చి, నిద్ర వచ్చి అచ్చటనే ఆగినది. తక్కినవి ఆ కొండబుట్టలో వేసి మూతపెట్టితిమి.